ఏడో నంబరు డ్రైవరు నడక

ఏడో నంబరు బస్సు డ్రైవరుకు యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా అదే రూటు. ఇంటి నుంచి డిపో దాకా స్కూటరు, డిపోలో ఎక్కితే బస్సు, దిగితే మళ్లీ స్కూటరు. రోజు మొత్తంలో ఆయన పాదం నేల మీద ఆనేది ఆ రెంటికీ మధ్య నాలుగడుగుల దూరమే. పొట్ట స్టీరింగుకు తగులుతోందని సీటు ఒక గడి వెనక్కి జరుపుకున్నాడు. ఆ తర్వాత ఇంకో గడి జరిపాడు. ఇక జరపడానికి గడులు లేవు.

డిపోలో ఏటా చేసే వైద్య పరీక్షలో విషయం బయటపడింది.

"షుగర్ బాగా ఎక్కువగా ఉందండీ," అంది డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తి. "మాత్రలు రాస్తున్నాను. తిండి మార్చుకోవాలి, రోజూ అరగంటైనా నడవాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాను. అప్పటికీ అదుపులోకి రాకపోతే మీరు బస్సు నడపొచ్చని నేను రాసివ్వలేను."

స్టీరింగు లేకుండా తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదు.

బయటికొచ్చి తన బస్సు కండక్టరమ్మతో చెప్పుకున్నాడు. "చెల్లెమ్మా, మీ వదినకి మాత్రం చెప్పకు. కంగారు పడుతుంది."

"నేనెందుకు చెప్తానన్నయ్యా!" అందామె. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నాకు చెప్పకుండా ఎవరికి చెప్పుకుందామనుకున్నారు?"

"రేపు చెబుదామనీ..."

"రేపటి సంగతి రేపు. చెప్పులు విప్పి లోపలికి రండి."

భయం ఒక పక్క, రోషం ఒక పక్క. ఆయన మర్నాటి నుంచే యుద్ధం ప్రకటించాడు. టీలో చక్కెర బంద్, బిస్కెట్లు బంద్. అది బాగానే ఉంది. కానీ సెలవు రోజున ఇంకో మెట్టు ఎక్కి, పొద్దున్నే మాత్ర మింగి, "ఇవాళ నాకు దోసకాయ ముక్కలు తప్ప ఇంకేం వద్దు," అన్నాడు. పదయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. భార్య గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంటకు మనిషి తేరుకున్నాడు. కాస్త తినిపించి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"తగ్గించమన్నాను గానీ పస్తుండమన్నానా?" అంది డాక్టరమ్మ. "మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఇలాగే అవుతుంది. అదే బస్సు నడుపుతుండగా అయితే?"

డ్రైవరు తల దించుకున్నాడు. బస్సు నిండా కూర్చున్న మొహాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

డాక్టరమ్మ మాత్ర మోతాదు మార్చింది. కంచం బొమ్మ గీసి, సగం కూరగాయలు, పావు పప్పో గుడ్డో, మిగతా పావు అన్నం అని చూపించింది. వేళ తప్పకూడదని రెండుసార్లు చెప్పింది. భార్య ఆ బొమ్మను వంటింటి గోడకు అంటించింది.

ఇక మిగిలింది నడక. పార్కులో గుండ్రంగా తిరగడం రెండు రోజులకే విసుగొచ్చింది. "గానుగెద్దులా ఎన్నిసార్లని తిరగను?" అన్నాడు. కండక్టరమ్మే ఉపాయం చెప్పింది. "మన రూటులోనే నడువన్నయ్యా. దారి తప్పవు."

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు, మొదటి స్టాపు నుంచి ఆరో స్టాపు వైపు బయల్దేరాడు. ఇరవై రెండేళ్లు తిరిగిన వీధిలో ఆయనకు తెలిసినవి గుంతలూ మలుపులే. గడియారాలు బాగుచేసే దుకాణం మేడ మీద అంత పెద్ద గులాబీ తీగ ఉందని తెలియదు. నాలుగో స్టాపు దగ్గర తాజా రొట్టెల వాసన వస్తుందనీ తెలియదు. ఆ వాసన దగ్గర మాత్రం కాస్త వేగం పెంచాడు.

ఐదో స్టాపులో తెల్లజుట్టు ఆవిడ ఒకరు ఆయన్ని ఎగాదిగా చూసి ఆపేసింది. ఆ వీధి లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ.

"రోజూ నా మొహం మీద తలుపు వేసుకుని వెళ్లిపోయే డ్రైవరు మీరేనా?"

"టైమ్ అమ్మా... పైవాళ్లు ఊరుకోరు..."

"మంచి పనే చేశారు లెండి!" ఆవిడ పకపకా నవ్వింది. "నాకు పద్నాలుగేళ్లుగా షుగర్. మీ బస్సు తప్పిపోవడం వల్లే రోజూ నడక సాగుతోంది. ఇంతకీ మీరేంటి, బస్సు ఎక్కడ పారేసుకున్నారు?"

సంగతంతా చెప్పాడు. ఆవిడ ముందు ఆయన బూట్ల వంక చూసింది. "వేళ్ల దగ్గర ఇరుకు. షుగర్ ఉన్నవాళ్లు పాదాల్ని చంటిపిల్లల్లా చూసుకోవాలి. రోజూ రాత్రి చూసుకోండి, చిన్న పుండైనా అశ్రద్ధ చేయొద్దు." ఆ తర్వాత ఆయన పక్కనే నడక మొదలుపెట్టింది. ఆయనకే అందుకోవడం కష్టమైంది.

వారం తిరక్కుండా డ్రైవరు ఇంట్లో నోరు తెరిస్తే లైబ్రరీ ఆవిడ కబుర్లే. "ఎవరండీ ఈవిడ? నేనూ చూస్తాను," అని భార్య కూడా బయల్దేరింది. మూడో స్టాపు దాటేసరికి ఆడవాళ్లిద్దరూ ఒకటైపోయి, ఆయన తిండి గుట్టంతా ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ ముందు వెళ్తుంటే, ఆయన వెనకాల నవ్వుతూ ఆయాసపడుతూ నడిచాడు. కొన్నాళ్లకు ఆయాసం పోయింది, నవ్వు మిగిలింది.

మూడు నెలలు నిండాయి. డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూస్తుంటే డ్రైవరు కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కన భార్య ఆయన చొక్కా కొస పట్టుకుంది.

"అదుపులోకి వచ్చిందండీ. ఆరు కిలోలు తగ్గారు. బస్సు నడపండి. కానీ షుగర్ పోయిందనుకునేరు, అది ఉంటుంది. మాత్రలు, తిండి, నడక, పరీక్షలు ఏవీ ఆపొద్దు."

"నేను ఆపినా వీళ్లు ఆపనివ్వరు డాక్టరుగారూ," అన్నాడు.

ఆ సాయంత్రం డిపో అంతా ఈ కబురు చాటడానికి కండక్టరమ్మకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆదివారం పొద్దున మొదటి స్టాపు దగ్గర తొమ్మిది మంది డ్రైవర్లు, ఇద్దరు మెకానిక్కులు, మాకూ షుగరే, మేమూ నడుస్తామంటూ కొత్త బూట్లతో సిగ్గుపడుతూ నిలబడ్డారు. ఆయన వాళ్లను వరసలో నిలబెట్టి, అందరి కాళ్ల వంకా చూసి, ఇద్దర్ని బూట్లు మార్చుకు రమ్మని ఇంటికి తిప్పి పంపాడు. మిగతావాళ్లతో గట్టిగా అన్నాడు:

"టిఫిను తినకుండా మాత్ర వేసుకుని వచ్చినవాడెవడైనా ఉంటే ముందే చెప్పండి. ఆ వెధవ పని నేను చేసి చూశాను."

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుతోనే నడక మొదలైంది.