గోడ ముందుకు జరిగిన రోజు

ఆ ల్యాబులో రెండు ఇత్తడి మొనల మధ్య నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా ‘ఠాప్’మని గాలి పగిలినట్టుండేది. ఆ చప్పుడుకి యంత్రం తెరమీద ఒక గీత లేచేది. వెంటనే, గోడకు తగిలి తిరిగొచ్చిన చప్పుడుకి ఇంకో చిన్న గీత. మీట నొక్కడం మేడమ్ పని. మసి పట్టిన మొనలు తుడవడం అక్కడ పనికి కుదిరిన ఆమె పని.

అత్తగారు మంచాన పడ్డప్పటినుంచీ ఆమె తన చంటిపిల్లను బుట్టలో తెచ్చి, మూలనున్న చెక్కపలక చాటున దాచేది. పాప చెవుల్లో దూది ఉండలు పెట్టేది. తనకూ మేడమ్‌కూ మాత్రం గట్టి చెవిమూతలుండేవి. మొదటిరోజు తొంగిచూస్తే పాప నోరు తెరిచి ఏడుస్తోంది. ఏడుపు మాత్రం ఎవరికీ వినబడలేదు. రానురాను పాప ఉలిక్కిపడటమే మానేసింది. అలవాటు పడింది, బంగారుతల్లి అని మురిసిపోయింది.

నిన్న ఇంట్లో చేతిలోంచి కంచం జారి ఖంగుమంది. పాప కదల్లేదు. చెవులు పోయాయేమో అనుకుంది. అయినా పని పోతుందన్న భయంతో ఇవాళా తెచ్చింది. కాస్తయినా అడ్డుంటుందని పలకను మొనలవైపు ముందుకు లాగింది.

“ఇదేంటమ్మా, రెండో గీత ఇంత ముందే వచ్చేస్తోంది? గోడకి కాళ్ళొచ్చాయా?” అంటూ మేడమ్ లేచి పలక పక్కకు నెట్టింది. బుట్ట కనబడింది.

“అత్తకి బాలేదు మేడమ్. ఇంట్లో ఇంకెవరూ...”

“అది తర్వాత. ముందు దీనికి వినబడుతోందా?”

ఆమె పాప చెవుల్లోంచి దూది తీసింది. మేడమ్ చప్పట్లు కొట్టింది. పాప నిద్రలోనే ఉంది. ఆమె పాలసీసా మూత తిప్పింది. చిన్న ‘టిక్’. పాప అటు తల తిప్పి పెదాలు చప్పరించింది.

“అమ్మ దొంగా! తిండి సంగతైతే వినబడుతుందే!” అని నవ్వి, అంతలోనే మొహం మార్చింది మేడమ్. “రేపు పనికి రావద్దు. చెవుల డాక్టరు దగ్గరికెళ్ళు. ఎల్లుండి ఒక్కదానివే రా.”

ఇంటికెళ్ళాక మనసాగక వెనకనుంచి సీసా మూత తిప్పింది. పాప తిరిగింది. ఇటునుంచి తిప్పింది. తిరిగింది. మళ్ళీ తిప్పేసరికి పాప గుక్కపెట్టింది. సీసాలో పాలు ఎప్పుడో అయిపోయాయి. దాన్ని పక్కన పడేసి, పాపను గుండెలకు హత్తుకుని, ఆనాడు వినని ఏడుపంతా వింటూ కూర్చుంది.