తమ్ముడు లేని గీత

"తమ్ముడు కనపడ్డాడా, అమ్మాయ్?"

సోల్డరు బాబాయి రోజూ పొద్దున్నే అడిగే ప్రశ్న ఇది. మా ప్రయోగశాలలో తీగచుట్టలు చుట్టేదీ, తెగినవి అతికేదీ ఆయనే. ఒకప్పుడు ఇక్కడే పరిశోధనకు చేరి, మధ్యలో మానేసి, సోల్డరింగ్ బల్ల దగ్గర స్థిరపడిపోయాడు. మనిషి మంచివాడే. కానీ ఆ ప్రశ్న వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"కనపడితే దాచుకుంటానా బాబాయ్? డప్పు కొట్టించి మరీ చెప్తాను."

మా పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికే చావు. రాగి, గంధకం కలిసిన ఖనిజాన్ని పొడి కొట్టి, తీగచుట్టలో పెట్టి, రేడియో తరంగంతో ఒక దెబ్బ వేస్తాం. రాగి కేంద్రకం తిరిగి పలుకుతుంది. తెర మీద అదొక గీత. గీత ఎక్కడ లేచిందో చూసి, రాయి లోపల రాగి ఎలాంటి చోట కూర్చుందో చెప్తాం. దీన్ని క్వాడ్రుపోల్ రెజొనెన్స్ అంటారు. రాగిలో రెండు రకాలున్నాయి, అన్నదమ్ముల్లా ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఇరవై మెగాహెర్ట్జ్ దగ్గర అన్న పలికితే, పద్దెనిమిదిన్నర దగ్గర తమ్ముడు పలికి తీరాలి.

మా గైడు మాస్టారు ఇరవై రెండేళ్ల కిందట ఈ రాయిలో కనిపెట్టిన గీతకి తమ్ముడు లేడు.

"ఉన్నాడు. వాడి గొంతు చిన్నది, రాయిలో ఉన్న ఇనుము మింగేస్తోంది. ఓపిగ్గా వినాలి" అంటారాయన. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. జల్లెళ్ల విషయంలోనూ అంతే. పై జల్లెడ దిగి, కింది జల్లెడ మీద నిలిచిన పొడే వాడాలి. ఇరవై రెండేళ్లుగా అవే రెండు జల్లెళ్లు.

ఆ ఓపికలో నాకు నాలుగేళ్లు గడిచాయి. నా థీసిస్ సగం ఆ గీత మీదే నిలబడి ఉంది. గడువు రెండుసార్లు పొడిగించారు, ఈ శుక్రవారమే ఆఖరు. "రోట్లో వేసి నూరినా ఈపాటికి ఆ రాయి అయిపోయేదమ్మా" అన్నారు నిన్న మా అత్తగారు. రోలే నయమత్తయ్యా అన్నాను.

బుధవారం మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాను. ఖాళీ చుట్ట పెడితే గీత లేదు. పొడి పెడితే గీత ఉంది. తమ్ముడు మాత్రం లేడు. విసుగెత్తి పెన్ను గోడకేసి కొట్టాను. పాతవాళ్లు యంత్రాన్ని ఎలా సరిచేశారో చూద్దామని బీరువాలోంచి రిజిస్టర్లు లాగాను. పదకొండేళ్ల కిందటి దాంట్లో గుండ్రటి అక్షరాలు కనిపించాయి. "తమ్ముడు లేడు. ఇది రాగి కాదేమో. ఉత్త ఇసుక పెట్టి చూడాలి." దాని కింద మాస్టారి ఎర్ర సిరా: "అనవసరం." ఆ తర్వాత పేజీల్లో ఆ గుండ్రటి అక్షరాలు లేవు.

అవి మా తీగచుట్టల డబ్బాల మీద రోజూ చూసే అక్షరాలే.

"బాబాయ్! ఇది రాసింది మీరేనా?"

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. "మనం పొడి కొట్టే రాయి నిండా స్ఫటికమే కదమ్మా, క్వార్ట్జ్ అంటారే, ఇసుకలో ఉండేదే. వాచీల్లోనూ అదే పెడతారు. కరెంటు తగిలితే వణుకుతుంది. మాస్టారి జల్లెళ్ల వల్ల పలుకులన్నీ ఒకే సైజు. అన్నీ ఒకే చోట మోగుతాయి. మాస్టారి గీత ఆ మోతే, రాగి కాదు."

"ఇంత తెలిసీ నోరు కుట్టుకుని కూర్చున్నారా? నాకొక్క ముక్క చెప్పకూడదూ!"

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా."

నడవాలో నిప్పు ఆర్పడానికి పెట్టిన ఎర్ర బకెట్లోంచి దోసెడు ఇసుక తెచ్చి, అవే జల్లెళ్లలో పట్టి, చుట్టలో పెట్టాను. రాగి రవ్వంత కూడా లేదు. గీత అక్కడే లేచింది, ఎప్పుడూ లేనంత ఎత్తుగా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఏడ్చాను.

"ఆ ఇసుక బకెట్లో పోసెయ్. నేనేం చూళ్లేదు. శుక్రవారం ఇచ్చేసి బయటపడు" అన్నాడు బాబాయి మెల్లిగా.

పోసేద్దామనే అనిపించింది. అబద్ధం ఎందుకు, బకెట్ దాకా వెళ్లాను కూడా. కానీ మళ్లీ ఎవరో ఒక పిల్ల వచ్చి నాలుగేళ్లు ఇదే గీత ముందు కూర్చుంటుంది. రిజిస్టరు తీసుకుని మాస్టారి గదికి వెళ్లాను.

ఆయన మండిపడ్డారు. గబగబా వచ్చి తానే ఇసుక పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. మూడుసార్లు. తర్వాత రిజిస్టరు తెరిచి, తన ఎర్ర సిరా మీద వేలు ఆనించారు.

"నీకింకో ఏడాది పడుతుంది" అన్నారు.

"అవును మాస్టారూ. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది."

"ఉండాలి." ఆయన బాబాయి వైపు తిరిగారు. "నీ థీసిస్ ఎక్కడ ఆపావు?"

"నేనాపలేదండీ. మీరాపారు. ఈ పేజీలోనే."

మాస్టారు రిజిస్టరు ఆయన ముందుకి జరిపి, జేబులోంచి పెన్ను తీశారు. "ఇక్కణ్ణుంచే రాయి."

బాబాయి పెన్ను అందుకోలేదు. "పదకొండేళ్లయిందండీ. నాకిప్పుడెందుకు? ఆ అమ్మాయి ఏడాది సంగతి చూడండి" అని, ఆగిపోయిన పని అందుకున్నాడు.