సంతకం లేని రికార్డులు

"రమా, నీ నోరు మంచిది కాదే" అని మా అమ్మ రోజూ తిడ్తది. అవ్, నిజమే. గా నోటితోనే పదకొండు మంది దోస్తులను ఒప్పించిన. కెమిస్ట్రీ రికార్డుల మీద సారు సంతకం లేకుండనే ప్రాక్టికల్స్‌కు పోదామన్న.

మగపిల్లలకు క్లాసులనే సంతకం పెడ్తడు గాయన. ఆడపిల్లలనైతే ఒక్కొక్కరినే తన రూముకు రమ్మంటడు. పేజీలు తిప్పుకుంట నడుం మీద చెయ్యేస్తడు. మొన్న మా దోస్తు స్టెల్లా గా రూముల నుంచి సంతకం లేకుండనే ఉరికొచ్చింది. బస్సుల ఇబ్రహీంపట్నం నుంచి మన్నెగూడ దాంక ఏడుస్తనే ఉన్నది. నాకు ఒళ్లు మండిపోయింది.

సంతకం లేకుంటే మార్కులు సున్నా. ఫెయిలైతే చదువు బంద్ అని స్టెల్లా వాళ్ల బాపు ఇశ్రాయేలు ముందే చెప్పిండు. అందుకే నువ్వు మాతోని కలవకే, మేం చూసుకుంటమని స్టెల్లాకు చెప్పినం. ఇనలే.

ఇయ్యాలనే ల్యాబుల ప్రాక్టికల్స్. వేరే కాలేజీ నుంచి అనురాధ మేడం ఎగ్జామినర్‌గా వచ్చింది. పక్కనే మా సారు, మస్తు ఇస్త్రీ చొక్కా. పన్నెండు రికార్డులు టేబుల్ మీద పెట్టినం. మేడం ఒక్కొక్కటే తెరిచి చూసి తలెత్తింది. ఆడపిల్లలవి ఒక్కదాని మీద గూడ సంతకం లేదేందని అడిగింది. బద్ధకం మేడం, చెప్తే ఇనరు అన్నడు సారు.

జవాబు చెప్పాల్సింది నేను. అద్దం ముంగట పదిసార్లు చెప్పుకున్న. తీరా చూస్తే నాలుక పిడచకట్టింది. థూ, నా నోరు పాడుగాను.

స్టెల్లా ముంగటికొచ్చింది. టేబుల్ మీది తన రికార్డు తెరిచి పట్టుకున్నది.

"సంతకానికి ఒక్కదాన్నే రూముకు రమ్మంటడు మేడం. పోతే నడుం మీద చెయ్యేస్తడు. నాకు ఏసిండు."

నాకు గూడ అన్నది ఎనకనుంచి ఒకామె. తర్వాత ఇంకొకామె. అప్పుడు లేచింది నా నోరు, ఇగ ఆగుతదా!

సారు మొఖం మాడిపోయింది. మేడం ఆయన్ని బయటికి పొమ్మన్నది. రికార్డులు తనే చూస్తనని చెప్పి, తెల్లకాయితాలు తెప్పించింది. ముందు ఫిర్యాదు రాయుండ్రి, పరీక్ష తర్వాత పెడ్త, ఆడపిల్లల ఫిర్యాదుల కమిటీకి నేనే ఇస్త అన్నది.

అబ్బ, ఏం సంబురమో! పన్నెండు పెన్నులు ఒక్కసారే కదిలినయి. అందరికంటే ముందు స్టెల్లా రాసింది. కింద తన పేరు, పక్కన వాళ్ల బాపు పేరు గూడ పెట్టింది. ఆయన పేరెందుకే, తెలిస్తే చదువు మానిపిస్తడు గదనే అన్న.

"ఎవలో చెప్తే మానిపిస్తడు. సాయంత్రం నేనే చెప్త," అని పరీక్షకు బ్యూరెట్ గొట్టం కడుగవట్టింది.