ఊపిరి సందులు

అత్త ఇరవై రెండేళ్ళు సినిమాల్లో కోరస్ పాడింది. ఎవరైనా ఆ రోజుల గురించి అడిగితే, "మాదంతా గుంపులో గోవింద" అని నవ్వేసేది. పాడటం మానేసిన చాలా ఏళ్ళకి ఒక మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసి, "అత్తా, నీ గొంతు దొరికింది, రా" అంది.

"ఎక్కడికి పోయిందే దొరకడానికి? దగ్గుకి కాస్త బొంగురుపోయింది, అంతేగా!"

మేనకోడలిది కంప్యూటర్‌లో సంగీతం కట్టే పని. అత్త పాడిన పాత స్టూడియో మూసేస్తుంటే, యజమానిని అడిగి టేపులు తెచ్చుకుంది. కలిసిపోయిన గొంతుల్ని దేనికది విడదీసే ప్రోగ్రామ్ ఒకటి వాటి మీద నడిపింది.

అత్త మేనకోడలి ఇంటికి వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ముందు తన గొంతే. పాతికేళ్ళ వయసుది, నున్నగా, కొంచెం భయంగా. "ఇంత సన్నగా ఉండేదా నాది?" అనుకుంది. తర్వాత రెండో గొంతు వినపడగానే హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకుంది.

"పొట్టీ!" అంది.

పొట్టి ఆమె స్నేహితురాలు. ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడేవాళ్ళు. మైకు అందక పొట్టి చెక్కపెట్టె ఎక్కేది. గాజులు చప్పుడు చేస్తాయని తీసి, ఇద్దరివీ ఒకే రుమాల్లో మూటకట్టేవాళ్ళు. ఏవి ఎవరివో తెలియక ఇంటికెళ్ళేప్పుడు రోజూ గొడవే. ఫ్యాను ఆపిన ఆ గదిలో చెమటలు కారుతుంటే, పొట్టి ఏదో ఒక పిచ్చి జోకు వేసి టేకు చెడగొట్టేది. తిట్లు మాత్రం అత్తకి పడేవి. పొట్టి పోయి నాలుగేళ్ళయింది.

"ఇంకోటి విను" అంది మేనకోడలు ఉత్సాహంగా. పొట్టి గొంతుతో కంప్యూటర్ అదే పాత పాటని మళ్ళీ పాడింది. నీళ్ళలా సాగింది, ఎక్కడా తెగలేదు.

అత్త మూతి ముడిచింది. "బాగుంది. కానీ ఇది పొట్టి కాదు. ఊపిరేదే?"

"పాత టేపులో తన గొంతు మధ్యమధ్యలో తెగుతోంది అత్తా. ఆ ఖాళీలన్నీ ప్రోగ్రామే నింపేసింది."

"ఓసి పిచ్చిదానా, అవి ఖాళీలు కావే! పొడుగు స్వరం పట్టినప్పుడు అది ఊపిరి పీల్చుకునే చోట నేను లాగేదాన్ని. నేను పీల్చుకునే చోట అది. వినేవాళ్ళకి అతుకు తెలిసేది కాదు. నాది విడిగా పెట్టి చూడు, అందులోనూ సందులుంటాయి."

పెట్టి చూసింది. ఉన్నాయి. ఒకదాని సందులో ఇంకొకటి సరిగ్గా కూర్చుంది. మేనకోడలు కంప్యూటర్ నింపిన ముక్కలన్నీ చెరిపేసింది.

"ఇప్పటి గొంతుతో పాడతావా అత్తా, ఆ చోట్లలో?"

"ఈ గొంతుతోనా? నలుగురూ నవ్విపోతారు" అంటూనే లేచి మైకు దగ్గరికి నడిచింది. ముందు మూడుసార్లు తప్పింది. పొట్టి ఆగేచోటు తనకి తెలుసనుకుంది గానీ, ఒంటికి అలవాటు తప్పింది. నాలుగోసారి కళ్ళు మూసుకుని చెవి మాత్రం అటు పెట్టింది. పొట్టి ఆగింది, ఈమె అందుకుంది. గొంతు జీరబోయింది, చివర కాస్త వణికింది. దాన్ని సాపు చేసే మీట ఒకటుంది. మేనకోడలు దాని జోలికి పోలేదు.

పాట బయటపెట్టే ముందు పొట్టి కూతురు ఒప్పుకోవాలని అత్త పట్టుబట్టింది. మర్నాడే ఆమె ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, బ్యాగు కూడా భుజం మీంచి దించలేదు.

"చిన్నప్పుడు రేడియోలో పాటొస్తే, 'అందులో నేనున్నా'ననేది అమ్మ" అంది. "నేను చెవి ఆనించి వెతికేదాన్ని పిన్నీ. ఒక్కసారీ దొరకలేదు."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపటికి కళ్ళనిండా నీళ్ళతో చెయ్యి పైకెత్తి, "ఇదేనా?" అని అడిగింది.

"అదే" అంది అత్త. "పక్కన గార్దభంలా ఓండ్ర పెడుతున్నది నేను."

ఆ పిల్ల ఏడుపులోనే పకపకా నవ్వింది. అచ్చం పొట్టి నవ్వు. "ఇలాగే బయటపెట్టండి పిన్నీ" అని, పాటని మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.