నల్లవేళ్ల కొంగ

నాగరికతల చరిత్రలో కొంగ కాలివేలికి దక్కవలసిన గౌరవం నేటివరకూ దక్కలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే భారాన్ని విధి ద్వారకా నగర్ నివాసి, జువాలజీ లెక్చరర్ కొండలరావుగారి భుజాన పెట్టింది.

చిన్న తెల్లకొంగకు కాళ్లు నలుపు, వేళ్లు పసుపు. అది మన కొంగ. వేళ్లు కూడా నల్లగా ఉన్నాయా, అది జావా ద్వీపం వైపు ఉపజాతి. తక్కినదంతా ఒక్కటే: అదే ముక్కు, అదే మెడ, చేపల పట్ల అదే దృక్పథం. అటువంటి పక్షిని ఇక్కడ చూసినట్టు రుజువైతే పక్షి పరిశీలకుల సంఘంవారి జాబితాలో చూసినవారి పేరు అచ్చవుతుంది. పదకొండేళ్లలో కొండలరావుగారు పంపిన మూడు నివేదికలూ "రెండవ సాక్షి సంతకం లేదు" అనే ఏకవాక్య తీర్పుతో తిరిగివచ్చాయి.

కనుక 2003 మే నెలలో భీమిలి ఒడ్డున నల్లవేళ్ల కొంగ కంటబడిన మర్నాడే ఆయన బావమరిది వరహాలును వెంటబెట్టుకు వెళ్లారు. వరహాలు ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్. పక్షులలో కోడితో మాత్రమే అతనికి సన్నిహిత పరిచయం.

అవి చేపల వేట నిషేధపు రోజులు. పడవలన్నీ ఇసుక మీదికెక్కి మరమ్మతులు చేయించుకుంటున్నాయి. కొంగ వాటి నడుమ పచార్లు చేస్తోంది. అలికిడి కాకూడదని కొండలరావుగారు చెప్పులు చేతబట్టి, యాగశాలలో అడుగుపెట్టే సోమయాజిలా కదిలారు. తన పడవ పక్కన కుంచెతో కూర్చున్న జాలరి గురువులు చెయ్యి ఊపాడు.

"బాబూ, సెప్పులేసుకోండి. అక్కడ కింద..."

"ష్! ఎగిరిపోతుంది."

"కొంగ సంగతి కాదు బాబూ, మీ..."

"ఇక్కడ శాస్త్రపరిశోధన జరుగుతోందయ్యా!"

గురువులు శాస్త్రానికి దారి విడిచి, కుంచె మళ్లీ డబ్బాలో ముంచాడు.

కొండలరావుగారు బైనాక్యులర్స్ అందించారు. "చూడు. వేళ్లు నలుపేనా?"

"నలుపే. బురదేమో బావా."

"బురదైతే కడిగితే పోవాలి. నా కళ్లముందే మూడుసార్లు నీళ్లలో దిగింది. పోయిందా? నీళ్లకు పోని రంగు పుట్టుకతో వచ్చిన రంగు. అదీ సూత్రం."

"సూత్రం నీది, సంతకం నాదా? అలాగైతే మా ఫర్నేసు కాడ పన్జేసీవోలందరూ జావావోళ్లే!"

కొండలరావుగారు, నివేదికల్లో ఎన్నడూ వాడని గొంతుతో, "వచ్చే నెల రిటైరవుతున్నాను వరహాలూ. ఒక్కసారి అచ్చులో పేరు చూసుకోవాలని ఉందిరా" అన్నారు.

వరహాలు బైనాక్యులర్స్ దించి పెన్ను తీశాడు. "ఎక్కడ పెట్టాలో సెప్పు బావా."

నివేదిక మూడు గంటల డాకులో రిజిస్టర్ పోస్టుగా వెళ్లిపోయింది. "ముమ్మారు నీటిలో మునిగినను మారని సహజవర్ణము" అన్న వాక్యం కింద ఆయన రెండు గీతలు గీశారు.

సాయంత్రం గడప దగ్గరే భార్య గౌరీశ్వరి అడ్డుకుంది.

"ఆగండి. ఆ కాళ్లేటి అలగున్నాయి?"

కొండలరావుగారు వంగి చూసుకున్నారు. పది వేళ్లూ నల్లగా ఉన్నాయి. పెరట్లో కుళాయి కింద మూడుసార్లు కడుక్కున్నారు. మారలేదు.

గౌరీశ్వరి కిరోసిన్‌లో ముంచిన గుడ్డ తెచ్చింది. పడవ తారు రెండు రుద్దులకే వదిలింది.