టిక్కు ఆగిన శనివారం

శనివారం ఉదయం ఆరున్నరకి నా గుండె చప్పుడు ఆగిపోయింది. నేను మాత్రం బతికే ఉన్నాను.

పళ్లు తోముకుని, ఎప్పట్లాగే బాత్రూం అద్దం ముందు నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాను. తొమ్మిదేళ్లుగా రోజూ చేసే పని ఇది. నోరు తెరిస్తే లోపలి చప్పుడు గదిలోకి వస్తుంది. టిక్, టిక్, టిక్. చవకరకం గోడగడియారాన్ని మింగినట్టు.

ఆ ఉదయం ఏమీ రాలేదు.

కుళాయి కట్టేశాను. ఫ్యాన్ ఆపేశాను. ఊపిరి బిగబట్టి మళ్లీ నోరు తెరిచాను. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా వీధి శనివారం పొద్దున ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, మూడిళ్ల అవతల గరాజ్ తలుపు లేచినా తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో నా గుండె లేదు.

మణికట్టు మీద వేలు పెట్టాను. నాడి ఉంది. మామూలుకంటే వేగంగా కొట్టుకుంటోంది.

చిన్నప్పుడు తెనాలిలో నాకు కీళ్ల జ్వరం వచ్చింది. అది తగ్గింది కానీ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. ముప్పై అయిదో ఏట, అమెరికా వచ్చిన రెండో సంవత్సరం, డాక్టర్లు దాన్ని తీసేసి కృత్రిమ కవాటం అమర్చారు. దానికి రెండు చిన్న రెక్కలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మూసుకున్నప్పుడు టిక్కుమంటాయి. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర, నెలకోసారి క్లినిక్‌లో రక్తపరీక్ష. డిశ్చార్జి రోజున సర్జన్ ఒకే మాట చెప్పాడు. "ఈ చప్పుడు నీకు విసుగు తెప్పిస్తుంది. అయినా వినిపిస్తున్నంతకాలం సంతోషించు."

అందుకే నాడి దొరికినా భయం పోలేదు.

"ఏంటండీ, లైటు వేసుకుని ఫ్యాన్ ఆపేశారు?" అంటూ నా భార్య క్రిస్టినా వచ్చింది.

"క్రిస్టీ, ఇలా రా. విను."

నా నోటి దగ్గర చెవి పెట్టింది. తర్వాత ఛాతీ మీద పెట్టింది.

"ఏం వినపడట్లేదే."

"అదే."

తనూ భయపడుతుందనుకున్నాను. తలెత్తేసరికి కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"స్తోత్రం ప్రభువా! ఇవాళ పంతొమ్మిదో రోజండీ!"

పక్క ఊరు మోరిస్‌విల్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఏటా ఫిబ్రవరిలో ఇరవై ఒక్క రోజుల ఉపవాసం ఉంటుంది. బైబిల్లో దానియేలు చేసినట్టు మాంసం, అన్నం, తీపి మాని, కూరగాయలు, పప్పు, నీళ్లతో గడపాలి. ఎవరి విన్నపం వాళ్లు చీటీ మీద రాసి పాస్టర్ అయ్యగారికి ఇవ్వాలి. ఆ ఏడు, అంటే రెండువేల పదకొండులో, క్రిస్టినా చీటీ మీద ఒకే ముక్క రాసింది. "నా భర్తకు కొత్త గుండె."

కొత్త గుండె టిక్కుమనదు కదా. తన లెక్క సరిగ్గానే ఉంది.

ఆ చప్పుడుతో తను పడ్డ పాట్లు నాకు తెలుసు. తొమ్మిదేళ్లు చెవి మీద దిండు పెట్టుకుని పడుకుంది. ఆరాధనలో మౌన ప్రార్థన అంటే చాలు, ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నేను మైకు పట్టుకుంటే స్పీకర్లలో నాకంటే ముందు నా గుండె మాట్లాడేది.

"ముందు డాక్టర్‌కి ఫోన్ చేద్దాం," అన్నాను.

"చేద్దురుగాని. ముందు అయ్యగారికి చెప్పనివ్వండి." అప్పటికే ఫోన్ తన చెవి దగ్గర ఉంది.

సాయంత్రం నాలుగింటికి పాటల ప్రాక్టీసు. మేం అద్దెకు తీసుకునే చర్చి హాలు మేడ మీద ఉంటుంది. పద్నాలుగు మెట్లు. డోలక్ భుజాన వేసుకుని వారం వారం లెక్కపెట్టకుండా ఎక్కే మెట్లు. ఆ రోజు ఎనిమిదో మెట్టు దగ్గర రెయిలింగ్ పట్టుకున్నాను. ఊపిరి గొంతు దగ్గర ఆగిపోతోంది. వెనక వస్తున్న క్రిస్టినా చూడకుండా షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. వంగితే ఇంకా ఘోరం.

ఆ రోజు పాట నాకు ప్రాణం. మా నాన్న తెనాలి చర్చిలో ముప్పై ఏళ్లు పాడించిన కీర్తన. ఆయన గొంతుతో ఉన్న క్యాసెట్టును సీడీ చేయించి కార్‌లో పెట్టుకున్నాను. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు అదే పాడుకున్నాను. నిమిషానికి డెబ్బై రెండు దెబ్బలు, హెచ్చూ తగ్గూ లేని నడక. నా గుండె వేగమూ అదే. నాకు తాళం వేసే మెషీన్ అక్కర్లేదు. లోపలి టిక్కును పట్టుకుని డోలక్ వాయించేవాణ్ని.

ఆ రోజు పట్టుకోవడానికి ఏమీ లేదు.

రెండో చరణంలో కీబోర్డు ఆగిపోయింది. "ఏవండీ, పరిగెడుతున్నారు," అంది కీబోర్డు ముందున్న క్రిస్టినా.

మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ ఆగింది.

"ఏం అబ్బాయ్, రైలుకి టైమైందా? మమ్మల్ని కూడా ఎక్కించుకో," అంది వెనక కుర్చీలోంచి లూసీ ఆంటీ. అందరూ నవ్వారు.

లూసీ ఆంటీ గుంటూరులో మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చింది. ఖాళీగా కూర్చోలేక ఉపవాసం ఉన్నవాళ్లందరికీ వండి పంపుతోంది. మా ఇంటికి రోజూ రెండు డబ్బాలు.

"నవ్వులు తర్వాత. ఇదిగో, రేపటికి కూడా సరిపోతుంది," అంటూ సంచీ చేతిలో పెట్టింది. "మిగల్చావంటే ఊరుకోను. మనిషి సగమైపోయావ్."

పాస్టర్ ధర్మారావు అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "బ్రదర్, రేపు ఆరాధనలో మీ సాక్ష్యమే. ప్రభువు చేసిన మేలు మీ నోటే చెప్పాలి. పది నిమిషాలు తీసుకోండి. ఫర్వాలేదు, పదిహేను తీసుకోండి."

"అయ్యగారూ, ఒకసారి డాక్టర్‌కి చూపించాక..."

"చూపించండి, తప్పకుండా చూపించండి. స్వస్థత పొందినవాళ్లని యాజకుడికి చూపించుకొమ్మనలేదా ప్రభువు? సోమవారం వెళ్దురుగాని, నేనూ వస్తాను."

ఆయన మంచివాడు. అక్కడున్న అందరూ మంచివాళ్లే. అందుకే తల ఊపాను.

కార్‌లో ఒక్కణ్నే కూర్చుని క్లినిక్‌కి ఫోన్ చేశాను. రికార్డింగ్ వచ్చింది. సోమవారం ఎనిమిదింటికి తెరుస్తాం, అర్జెంటైతే 911 చేయండి. నా వేలు తొమ్మిది మీద ఉంది. అద్దంలోంచి చూస్తే క్రిస్టినా ఎవరితోనో నవ్వుతూ మెట్లు దిగుతోంది. తొమ్మిదేళ్లలో తను అలా నవ్వడం చూడలేదు. ఫోన్ జేబులో పెట్టేశాను.

ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. సోఫాలో కూర్చునే తెల్లవార్చాను. క్రిస్టినా మొదటిసారి దిండు లేకుండా హాయిగా నిద్రపోయింది.

ప్రార్థన చేశాను. 'ప్రభువా, ఇది నీ పనైతే నన్ను క్షమించు, నాకు భయంగా ఉంది. నీ పని కాకపోతే, నాకు ఇంకా భయంగా ఉంది.' అంతకంటే మాటలు రాలేదు.

ఆదివారం రెండింటికి ఆరాధన. హాలు కిక్కిరిసింది. నలభై కుటుంబాలు రావాల్సిన చోట అరవై వచ్చాయి. నా పేరు పిలిచారు. స్టేజీ మీదికి మూడు మెట్లు. అవీ లెక్కపెట్టాను.

మైకు పట్టుకుని నోరు తెరిచాను.

స్పీకర్లలో ఏమీ లేదు. అందరికీ తెలుసు అక్కడ ఏం వినిపించాలో. ఒక్క క్షణం మౌనంగా విన్నారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో "హల్లెలూయా" అన్నారు. క్రిస్టినా కీబోర్డు దగ్గర నిలబడి ఏడుస్తోంది.

ముందు నాన్న పాటలో ఒక చరణం పాడి మొదలుపెడదామనుకున్నాను. పాట మొదటి పాదం పెద్దది. నాన్న ఒక్క ఊపిరిలో పాడేవాడు, నేనూ అంతే. మూడో మాటకి ఊపిరి అయిపోయింది. పీల్చాను. లోపలికి వెళ్లలేదు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు నిజం చెప్పాను.

"నాకు స్వస్థత కలిగిందో లేదో నాకు తెలీదు. నిన్న పొద్దుట్నుంచీ భయపడుతున్నాను. ఊపిరాడట్లేదు."

అయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన్ని పక్కకి తోసుకుంటూ లూసీ ఆంటీ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మూడు మెట్లూ ఒక్క ఊపులో ఎక్కింది. నా మెడ చూసింది. పెదాలు చూసింది. వంగి సాక్సు కిందికి లాగి చీలమండ నొక్కింది. నీరు పట్టిన చోట వేలి గుంట అలాగే ఉండిపోయింది.

"ఆయాసం ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి... గురువారం నుంచేమో."

"రక్తం పలచబడే మాత్ర మానేశావా? నిజం చెప్పు."

"ఒక్క రోజు మానలేదు ఆంటీ. ఒట్టు."

"మరి ఏం తింటున్నావ్?"

"మీరు పంపిందే. పొద్దున పాలకూర పప్పు, సాయంత్రం తోటకూర, గోంగూర..."

చెప్తుండగానే నా నోరు ఆగిపోయింది. మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. తొమ్మిదేళ్ల క్రితం క్లినిక్‌వాళ్లిచ్చింది, రంగు వెలిసిపోయి ఎవరూ చదవని కాగితం. ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, మాత్ర పనిచేయదు. ఉపవాసానికి ముందు నేను క్లినిక్‌కి ఫోన్ కూడా చేశాను. "తిండి మానేస్తున్నావా?" అంది నర్సు. "లేదు, మాంసం మాని కూరగాయలు తింటాను," అన్నాను. "భలే! నా పేషెంట్లందరూ నీలా ఉంటే ఎంత బావుణ్ను," అంది. ఆవిడకి కూరగాయలంటే ప్లేటు పక్కన నాలుగు సలాడ్ ఆకులు. నాకు పూటకో గిన్నెడు తోటకూర, ఇరవై రోజులు.

"ఆంటీ, ఆకుకూర నా మాత్రకి విరుగుడు," అన్నాను.

లూసీ ఆంటీ మొహంలో నెత్తురు లేదు. "నా చేత్తో పెట్టానా తండ్రీ," అని ఒక్కసారి అంది. మరుక్షణం వెనక్కి తిరిగి వార్డులో అరిచినట్టు అరిచింది. "చూస్తారేంటి? ఎవరో ఒకరు 911 చేయండి! కుర్చీ వెయ్యండి, పడుకోబెట్టొద్దు! అయ్యగారూ, ప్రార్థన మీరు చెయ్యండి, నేను అంబులెన్స్‌లో ఎక్కుతా!"

హాస్పిటల్‌లో స్కానింగ్ చేసిన డాక్టర్ తెర మా వైపు తిప్పాడు. కవాటానికి ఒక రెక్క చప్పుడు రానంత మెల్లగా, సగం సగమే తెరుచుకుంటూ మూసుకుంటోంది. రెండోది కదలడం లేదు. దాని మీద బూడిదరంగు ముద్ద. రక్తం గడ్డ.

"గడ్డని కరిగించే మందు ఇవ్వాలి," అన్నాడు. "కరిగేటప్పుడు ముక్క విరిగి మెదడులోకి వెళ్లొచ్చు. వెళ్తే మాట పడిపోవచ్చు, ప్రాణం పోవచ్చు. ఇవ్వకపోతే ఆ కదిలే రెక్క కూడా ఆగిపోతుంది."

నేను సంతకం పెట్టాను. క్రిస్టినా కాగితం కదలకుండా పట్టుకుంది.

మందు బొట్టు బొట్టుగా ఎక్కడం మొదలైంది. గంటకోసారి నర్సు వచ్చి పేరు అడిగేది, చేతులు ఎత్తమనేది, నవ్వమనేది. అబ్రహాం అని చెప్పేవాణ్ని. చేతులెత్తి, పళ్లు బయటపెట్టేవాణ్ని. ప్రతిసారీ ఈసారి మాట రాకపోతే అనుకునేవాణ్ని. మధ్యలో నాన్న పాట మనసులో చెప్పుకుంటూ ఏ మాటైనా మర్చిపోయానేమో చూసుకున్నాను. నాలుగు చరణాలూ ఉన్నాయి.

"నా చీటీ వల్లే," అంది క్రిస్టినా.

"చీటీ వల్ల కాదు. తోటకూర వల్ల."

"జోకులా? ఇప్పుడా?"

"లూసీ ఆంటీకి చెప్పకు. బయట కూర్చుని ఏడుస్తోంది."

తను నవ్వలేదు. నా హాస్పిటల్ గౌను కిందికి జరిపి ఛాతీ మీద చెవి పెట్టింది. అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్లు దిండు అడ్డం పెట్టుకున్న చెవి.

సోమవారం ఉదయం ఆరున్నరకి కిటికీలో వెలుగు వచ్చింది. క్రిస్టినా ఉలిక్కిపడి లేచింది. నా మొహం చూసింది. మానిటర్ చూసింది. మళ్లీ చెవి ఆనించింది.

"మాట్లాడకండి," అంది. "ఊపిరి కూడా తీసుకోకండి."

నోరు తెరిచాను.

టిక్.

చాలా సన్నగా. తర్వాత చాలాసేపు, కనీసం నాకలా అనిపించింది, ఏమీ లేదు. తర్వాత మళ్లీ. టిక్. టిక్.

తను నా ఛాతీ మీదే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకి చప్పుడు మళ్లీ వినపడకుండా పోయింది. "ఆపు, నన్ను విననీ," అని అరిచాను.

ఈస్టర్ ఆదివారం అయ్యగారు మళ్లీ నా పేరు పిలిచారు. ఈసారి పది నిమిషాలని చెప్పలేదు. మూడు మెట్లు ఎక్కి మైకు నోటి ముందు పెట్టుకుని నోరు తెరిచాను. మాట్లాడలేదు. స్పీకర్లలో నా గుండె మోగింది. ముందు వరుసలో లూసీ ఆంటీ కళ్లు మూసుకుని తల ఊపుతోంది. నాలుగు టిక్కులు విని, అయిదో దానికి క్రిస్టినా కీబోర్డు మీద నాన్న పాట అందుకుంది.

మొదటి పాదం ఒక్క ఊపిరిలో రాలేదు. రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఆగిన రెండుసార్లూ నోరు తెరిచే ఉంచి విన్నాను.