పక్కింటావిడ ఎవరు?

ఆదివారం మధ్యాహ్నం టీ గ్లాసులు ఆరూ కడిగి బోర్లించేసరికి హాల్లో ఎపిసోడ్ అయిపోయింది. ఆ సంగతి ఆమెకి వంటగదిలోంచే తెలుస్తుంది. టీవీలో శవాల మూలుగు ఆగి, మగవాళ్ళ గొంతులు మొదలవుతాయి. పదకొండేళ్ళుగా నడుస్తున్న సీరియల్ అది. చచ్చినవాళ్ళు లేచి తిరుగుతుంటారు, బతికినవాళ్ళు గుంపుగా పారిపోతుంటారు, వారానికొకరు ఆ శవాల నోట పడతారు. ఆమె భర్త ఆ సీరియల్ అభిమానుల ఆన్‌లైన్ గ్రూపుకి పెద్ద. పన్నెండు వేలమంది ఆయన్ని కెప్టెన్ అని పిలుస్తారు. పనిచేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మాత్రం ఎవరూ అలా పిలవరు.

"ఇదిగో, ఇంకోసారి టీ పెట్టు. ఇవాళ పనుంది మాకు," అని హాల్లోంచి కేకేశాడు కెప్టెన్.

పనంటే పక్కింటావిడని పట్టుకోవడం. ఆ పక్కింటావిడ ఎవరో ఆరు గ్లాసులకి నీళ్ళు కొలిచి పోస్తున్న ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట ఎవరో ఆ మారుపేరుతో గ్రూపులో సీరియల్‌ని ఏకిపారేయడం మొదలుపెట్టారు. ఈ గుంపుకి ఇన్నేళ్ళుగా పూటపూటా వేడి భోజనం ఎక్కణ్ణుంచి వస్తోంది? నీళ్ళెవరు మోస్తున్నారు? నెత్తురు బట్టలెవరు ఉతుకుతున్నారు? శవాలు లేచి నడుస్తాయంటే నమ్ముతాను గానీ, వంట దానంతటదే అవుతుందంటే నమ్మలేను అని రాసిందా పక్కింటావిడ. గ్రూపు భగ్గుమంది. కొందరు తిట్టారు, కొందరు నిజమే కదా అన్నారు. ఆడపేరు పెట్టుకున్న మగాడే అయ్యుంటాడు, ఆడవాళ్ళకి ఇంత ఎక్కడ తెలుస్తుంది అని ఇంకొందరు తేల్చేశారు. అది చదివి ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక చింతపండు పిసికింది.

కెప్టెన్ వ్యాసాల కథ అంతకంటే పాతది. ఆయన సోఫాలో వాలి రెండు ముక్కలు చెబుతాడు. ఈమధ్యవన్నీ పక్కింటావిడ మీదే. "ఇది యుద్ధం, వంటల ప్రోగ్రాం కాదని రాయి. దానికి బుర్ర లేదని కూడా రాయి." ఆ రెండు ముక్కల్ని ఐదు పేరాలు చేసేది ఆమె. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో రోజంతా టైపు చేసే చేతులే కదా, నీకిదో పనా అంటాడు. సోమవారం పొద్దున్నకల్లా కెప్టెన్ కలానికి జేజేలు మొదలవుతాయి. రెండేళ్ళ కిందట ఒకసారి ధైర్యం చేసి, నా పేరు కూడా పెట్టొచ్చుగా అంది. "నువ్వు టైపు చేశావు. రాసింది నేను," అన్నాడాయన, నవ్వుతూనే. అత్తగారైతే, "వాడు నలుగురిలో కాస్త పేరు తెచ్చుకుంటే నీ సొమ్మేం పోయిందే?" అంది. పోయిందేదో ఆమెకి చెప్పడం రాలేదు. ఆ మర్నాడు క్లినిక్‌లో భోజనాల వేళ, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న గంటలో, డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుని మొదటిసారి పక్కింటావిడగా రాసింది. అప్పటి నుంచి సోమవారం కెప్టెన్ పేరుతో పడే తిట్టూ ఆమెదే, గురువారం దానికొచ్చే జవాబూ ఆమెదే. ఇంట్లో నోరు విప్పితే ఎదురు చెప్పడమయ్యేది, అక్కడ అదే మాటకి వందలమంది కూర్చుని వాదించుకున్నారు. ఆ సంతోషం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పోయిన వారం మాత్రం కెప్టెన్, "ఆ మనిషి ఎవరో తేలనీ, ఇంటికెళ్ళి మరీ మాట్లాడతాను" అని రాయమన్నాడు. ఆ వాక్యాన్ని తప్పులు లేకుండా ఆమే టైపు చేసింది.

టీ ట్రే పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి మందుల షాపాయన నోటు పుస్తకం తెరిచి ఉన్నాడు. మొదటి ఎపిసోడ్ నుంచీ ఎవరు ఎప్పుడు పోయారో, ఎక్కడ కాటు పడిందో రాసిపెట్టుకునే మనిషి ఆయన. గ్రూపులో ఏ గొడవొచ్చినా ఆయన పుస్తకమే ఆఖరి మాట. పక్కింటావిడ రాసినవన్నీ ఆ పుస్తకంతో పోల్చి చూసే పని ఆయనకి అప్పగించారు.

"ఒక విచిత్రం దొరికింది కెప్టెన్," అన్నాడాయన. "మూడో సీజన్లో నీళ్ళకెళ్ళి చచ్చిపోయిన వంటామె ఉంది చూడండి, ఆవిడకి కాటు పడింది కుడి భుజం మీద. పక్కింటావిడేమో మొన్న ఎడమ మణికట్టని రాసింది."

"తప్పు రాసిందన్నమాట! అంత తెలివైంది కూడాను," అన్నాడు కెప్టెన్ ఉత్సాహంగా.

"తప్పే. అయితే ఎనిమిదేళ్ళ కిందట మీ వ్యాసంలో కూడా ఎడమ మణికట్టనే ఉంది. ఇంతమందిలో ఆ పొరపాటు చేసింది మీరిద్దరే."

మిగతా నలుగురూ గొల్లుమన్నారు. "అయితే పక్కింటావిడ మన కెప్టెనేనా ఏంటి, కొంపదీసి!"

వంటామె చచ్చిపోయిన ఎపిసోడ్ వచ్చిన ఆదివారం ఆమె కళ్ళముందుకొచ్చింది. ముందు రోజు సాయంత్రం ఇంటికొచ్చినవాళ్ళకి భోజనం ఆలస్యమైందని, వాళ్ళు వెళ్ళాక ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. తర్వాత క్లినిక్‌లో వాళ్ళడిగితే, బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పింది. ఆ ఎపిసోడ్ ఈ గుమ్మంలోనే నిలబడి, వాచిన ఎడమ మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని చూసింది. తెరమీద వంటామె కేక పెట్టినప్పుడు నొప్పి ఎక్కడుందో అక్కడే కాటు పడిందనుకుంది. మళ్ళీ సరిచూసుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

అందరితో పాటు నవ్వుతున్న కెప్టెన్ మధ్యలో ఆగిపోయాడు. ఆయన చూపు మెల్లగా ట్రే మీదికి, ట్రే పట్టుకున్న ఎడమ చేతి మీదికి వచ్చి నిలిచింది. ఆ రోజు సంగతి తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే.

"సరే, ఇవాళ్టికి చాలు. మీరు బయల్దేరండి," అన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనం ఆమెకి బాగా ఎరుక. "నువ్వు లోపలికెళ్ళు. మనం తీరిగ్గా మాట్లాడుకుందాం."

వచ్చినవాళ్ళు టీ అయినా తాగకుండా లేచారు. ఎందుకు పంపేస్తున్నాడో అర్థం కాక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చెప్పులు వెతుక్కున్నారు. నేను కాదని ఆమె బుకాయించొచ్చు. రాసినవన్నీ చెరిపేసి, ఇంకెప్పుడూ రాయనని కాళ్ళ మీద పడొచ్చు. ఆయన ఒప్పుకుంటాడు కూడా, ఒప్పుకుని, వచ్చే సోమవారానికి రెండు ముక్కలు చెబుతాడు. సోమవారాలన్నీ అలా వరసగా కనబడేసరికి, ఆ మెత్తని గొంతుకంటే అవే ఆమెని ఎక్కువ భయపెట్టాయి. ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. గుమ్మం దాటబోతున్న మందుల షాపాయన్ని పిలిచింది.

"అన్నయ్యా, మీ పుస్తకంలో ఉన్నదే రైటు. కుడి భుజం ఆ వంటామెది. ఎడమ మణికట్టు నాది."

ఆయన తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాడు. ఆమె చేతిని చూశాడు, తర్వాత కెప్టెన్‌ని చూశాడు.

"లోపలికెళ్ళమన్నానా?" అన్నాడు కెప్టెన్, ఇంకా మెత్తగా.

ఆమె గోడకి వేలాడుతున్న క్లినిక్ సంచీ భుజానికి తగిలించుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఆ తలుపు వెయ్యకండి అన్నయ్యా. నేనూ వస్తున్నాను."